విశాఖలో హోమ్ లోన్ టేకోవర్: ఏ బ్యాంకుకి మారాలో ఎలా తేల్చుకోవాలి

మధురవాడలోనో కూర్మన్నపాలెంలోనో ఐదారేళ్ళ కింద ఫ్లాట్ కొని లోన్ కడుతున్న వాళ్ళకి తరచూ వచ్చే ఫోన్ ఒకటుంటుంది. "సార్, మీకు ఇప్పుడు వడ్డీ ఎంత పడుతోంది? మా దగ్గరైతే ఇంకో శాతం తక్కువకి చేసేస్తాం" అని. ఆ మాటలో అబద్ధం ఉండకపోవచ్చు. 2025లో రిజర్వు బ్యాంకు ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్ నెలల్లో రెపో రేటుని, అంటే తను బ్యాంకులకి ఇచ్చే అప్పు మీద తీసుకునే వడ్డీని, తగ్గించుకుంటూ వచ్చి 6.50 శాతం నుంచి 5.50కి దించింది, డిసెంబరులో 5.25 చేసింది. కొత్తగా లోన్ తీసుకునేవాళ్ళకి చెప్పే రేట్లు కూడా దిగాయి. కానీ పాత లోన్లు ఉన్న అందరికీ ఆ తగ్గుదల ఒకేలా అందదు. కొందరికి మూడు నెలల్లోపే అందుతుంది, కొందరికి కొంత అంది కొంత ఆగిపోతుంది, కొందరు వెళ్ళి అడిగి ఫీజు కట్టేదాకా అసలు అందదు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో ముందు తెలుసుకోవాలి. లోన్‌ని ఇంకో బ్యాంకుకి మార్చాలా (దీన్నే టేకోవర్ అంటారు) వద్దా, మారిస్తే ఎవరి దగ్గరకి అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

మీ వడ్డీ దేనికి ముడిపడి ఉందో లోన్ అగ్రిమెంట్‌లో రాసి ఉంటుంది. 2010 జులై నుంచి బ్యాంకులు బేస్ రేటు అనేవి, 2016 ఏప్రిల్ నుంచి ఎంసీఎల్‌ఆర్ వచ్చింది. ఈ రెండూ బ్యాంకు తన ఖర్చులు లెక్కేసుకుని తనే ప్రకటించే రేట్లు. రెపో తగ్గినా డిపాజిట్ల మీద కట్టే వడ్డీ ఇంకా తగ్గలేదని చెప్పి ఇవి నిదానంగా దిగేవి. అందుకే 2019 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ హోమ్ లోన్లన్నిటినీ బయటి బెంచ్‌మార్క్‌కి, అంటే రెపోకో ట్రెజరీ బిల్లుల రేటుకో ముడిపెట్టాలని ఆర్‌బీఐ నియమం పెట్టింది. ఎక్కువ బ్యాంకులు రెపోనే పట్టుకున్నాయి. కనీసం మూడు నెలలకోసారి రేటు మార్చి తీరాలి. రెపో దిగితే మీ వడ్డీ దిగుతుంది, అందుకోసం మీరు బ్రాంచికి వెళ్ళి అడగక్కర్లేదు.

హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకి ఈ నియమం లేదు. వాళ్ళు తమ సొంత ప్రైమ్ లెండింగ్ రేటు మీద కొంత తగ్గించి ఇస్తారు. ఆ ప్రైమ్ రేటు ఎప్పుడు మార్చాలో, ఎంత మార్చాలో వాళ్ళిష్టం. పెరిగేటప్పుడు త్వరగా పెరిగి, తగ్గేటప్పుడు తాపీగా తగ్గుతుందని అప్పుతీసుకున్నవాళ్ళు అనేది ఇందుకే. కాబట్టి ఒక కంపెనీ ఇవాళ 8.10 శాతం అని, ఒక బ్యాంకు 8.15 అని చెబితే కంపెనీదే చవక అనుకోకండి. 0.05 శాతం తేడా కోసం పదిహేనేళ్ళు ఎదుటివాడి ఇష్టం మీద ఆధారపడటం మంచి బేరం కాదు.

ఇక స్ప్రెడ్. ఫోన్ చేసినవాళ్ళు దీని గురించి మాట్లాడరు, చాలామంది అడగరు కూడా. రెపో 5.25, దాని మీద బ్యాంకు వేసుకునేది 2.75 అనుకుందాం, మొత్తం 8 శాతం. ఆ 2.75నే స్ప్రెడ్ అంటారు. రెపో దేశమంతటికీ ఒకటే కాబట్టి బ్యాంకుకీ బ్యాంకుకీ మధ్య పోటీ ఉండేది స్ప్రెడ్ దగ్గరే. ఇందులో ఒక భాగం మీ క్రెడిట్ స్కోరుని బట్టి వేసే రిస్క్ ప్రీమియం, అది మీ క్రెడిట్ పరిస్థితి బాగా మారితే తప్ప మార్చకూడదు. మిగతా భాగాన్ని మూడేళ్ళకోసారే మార్చవచ్చు. అంటే లోన్ తీసుకున్న రోజు ఒప్పుకున్న స్ప్రెడ్ చాలాకాలం మీతోనే ఉంటుంది. 2021లో 3.25 స్ప్రెడ్‌తో లోన్ తీసుకున్న మనిషికీ, ఈ ఏడాది 2.50తో తీసుకున్న మనిషికీ ఒకే బ్యాంకులో, ఒకే అపార్ట్‌మెంట్‌లో, పక్కపక్క ఫ్లాట్ల మీద ముప్పావు శాతం తేడా ఉండొచ్చు. బ్యాంకు తప్పు చేసిందని కాదు, ఒప్పందం అలా ఉంది. అందుకే కొత్త బ్యాంకుని అడగాల్సిన మొదటి ప్రశ్న "రేటు ఎంత" కన్నా "బెంచ్‌మార్క్ ఏది, దాని మీద స్ప్రెడ్ ఎంత, నా స్కోరుకి ఎంత వేశారు" అన్నది. జవాబు నోటిమాటగా కాకుండా శాంక్షన్ లెటర్‌లో కనిపించాలి. మొదటి ఏడాదికో రెండేళ్ళకో రేటు ఫిక్స్ చేసి తర్వాత ఫ్లోటింగ్‌కి మార్చే ఆఫర్లలో అయితే, ఆ తర్వాత పడే స్ప్రెడ్ ఎంతో ఇప్పుడే రాయించుకోవాలి.

ఇదంతా తెలిశాక వెళ్ళాల్సిన మొదటి చోటు ఇప్పుడు లోన్ ఉన్న బ్యాంకే. 2025 అక్టోబర్ నుంచి ఆర్‌బీఐ ఒక వెసులుబాటు ఇచ్చింది. పాత కస్టమర్‌ని నిలుపుకోవడానికి బ్యాంకు మూడేళ్ళు ఆగకుండానే స్ప్రెడ్‌ని తగ్గించవచ్చు. తగ్గించాలన్న బలవంతం లేదు, తగ్గించవచ్చు అంతే, కాబట్టి అడిగినవాళ్ళకే దక్కుతుంది. వేరే బ్యాంకు ఇచ్చిన ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని వెళ్తే మాట త్వరగా తెగుతుంది. ఇంకా ఎంసీఎల్‌ఆర్‌లో ఉన్నవాళ్ళు రెపోకి మార్చమని రాసివ్వాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలైతే కన్వర్షన్ ఫీజు అని కొంత తీసుకుని కొత్త కస్టమర్ల రేటుకి దగ్గరగా తెస్తాయి. కొన్ని వేల రూపాయల ఫీజుతో అర శాతం పైన తగ్గి, ఆ పని వారంలో అయిపోతే, కాగితాలన్నీ ఒకచోట నుంచి ఇంకోచోటికి మోయాల్సిన పనేముంది? లోన్ మార్చడం మీద ఇంత ఆరాటపడే చాలామందికి నిజానికి సరిపోయే దారి ఇదే. అడిగినా కదలకపోతే అప్పుడు బయట చూడాలి.

బయటికి పోవడానికి డబ్బు పరంగా అడ్డం పెద్దగా లేదు. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్ ముందుగా తీర్చేస్తే వ్యక్తుల దగ్గర బ్యాంకులు పెనాల్టీ తీసుకోకూడదని 2012 నుంచే నియమం ఉంది. ప్రీపేమెంట్ ఛార్జీల మీద ఆర్‌బీఐ 2025లో ఇచ్చిన కొత్త ఆదేశాలు 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే లోన్లకి వర్తిస్తాయి. కొన్నాళ్ళు ఫిక్స్‌డ్, కొన్నాళ్ళు ఫ్లోటింగ్ ఉండే లోన్ అయితే, తీర్చే రోజున అది దేనిలో ఉందన్నదే లెక్క.

అయితే ఎంత మిగులుతుందో కాగితం మీద పెట్టి చూడకుండా అడుగు వెయ్యకూడదు. బాకీ 30 లక్షలు, ఇంకా 15 ఏళ్ళు ఉందనుకోండి. 9 శాతం దగ్గర ఈఎంఐ సుమారు 30,430. 8 శాతానికి వస్తే సుమారు 28,670. నెలకి 1,760 దాకా మిగులు, 15 ఏళ్ళకి 3.16 లక్షలు. బాగానే ఉంది. ఇంతకన్నా బాగుండే పద్ధతి ఇంకోటుంది. రేటు తగ్గినా పాత ఈఎంఐనే కట్టుకుంటూ పోతే లోన్ 161 నెలల్లోనే తీరిపోతుంది, దాదాపు ఏడాదిన్నర ముందు, మిగిలేది 5.7 లక్షల దాకా. అదే లోన్‌ని కొత్త బ్యాంకు మళ్ళీ 20 ఏళ్ళకి సాగదీసి ఇస్తే ఈఎంఐ 25,090కి పడిపోతుంది. ఇంట్లో అందరికీ సంతోషమే, నెలకి ఐదు వేలకి పైగా తగ్గింది కదా అని. కానీ మొత్తం మీద కట్టేది 60.2 లక్షలు అవుతుంది. మారకుండా 9 శాతం దగ్గరే ఉండిపోయి ఉంటే కట్టేది 54.8 లక్షలు. వడ్డీ శాతం తగ్గించుకుని ఐదున్నర లక్షలు ఎక్కువ కట్టడమన్నమాట. టేకోవర్‌లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. కాబట్టి మిగిలిన నెలలు ఎన్నో అన్నే నెలలకి, లేదా అంతకన్నా తక్కువకి అని అప్లికేషన్‌లో ముందే రాయాలి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో 4 నుంచి 6.50 దాకా పెరిగినప్పుడు చాలా లోన్లకి ఈఎంఐ కదలకుండా గడువు పెరిగిపోయింది. మీ స్టేట్‌మెంట్‌లో ఇప్పుడు చివరి నెల ఏదని చూపిస్తోందో, అది రిటైర్మెంట్ దాటిపోయిందేమో ముందు చూసుకోండి.

రేట్ల తేడా పావు శాతమే అయితే పై లెక్కలోనే నెలకి 445 రూపాయలు. దానికోసం ఆఫీసుల చుట్టూ తిరగడం దండగ. లోన్ చివరి దశలో ఉన్నవాళ్ళకీ అంతే. బాకీ 10 లక్షలు, ఐదేళ్ళే మిగిలి ఉంటే ఒక శాతం తగ్గినా మొత్తం కలిసొచ్చేది 29 వేల లోపు, అందులో ఎక్కువ భాగం ఖర్చులే తినేస్తాయి.

ఆ ఖర్చులు చూద్దాం. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ. లీగల్ ఒపీనియన్‌కి లాయరు ఫీజు, వాల్యుయేషన్‌కి ఇంజనీరు ఫీజు, ఈ రెండూ లోన్ రాకపోయినా వెనక్కి రావు. ఆ తర్వాత తాకట్టు రిజిస్ట్రేషన్. కొత్త బ్యాంకు దగ్గర దస్తావేజులు డిపాజిట్ చేసినట్టు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ లోన్ మొత్తం మీద శాతంగా పడతాయి. ప్రాసెసింగ్ ఫీజు జీరో అని పెద్దక్షరాలతో రాసే ఆఫర్లలో ఇది ఉండదు. పండగ సీజన్లో ఫీజు మాఫీ అయినా ఈ ఖర్చు మాఫీ కాదు.

ఇన్సూరెన్స్ సంగతి వేరే చెప్పాలి. లోన్ మీద ప్రాణబీమా అని ఒక్కసారే కట్టే ప్రీమియంని లోన్‌లోనే కలిపేస్తుంటారు. 90 వేల ప్రీమియం కలిపారనుకుంటే 8 శాతం వడ్డీతో 15 ఏళ్ళకి ఈఎంఐలో 860 పెరుగుతుంది. ఇందాక మిగిలిన 1,760లో సగం అక్కడే పోయింది. బీమా అక్కర్లేదని కాదు, ఇల్లు నడిపే మనిషికి ఏమైనా జరిగితే ఇల్లు నిలవాలి, తప్పకుండా ఉండాలి. కానీ దాన్ని బ్యాంకు చెప్పిన కంపెనీలోనే తీసుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. బయట టర్మ్ పాలసీ తీసుకుని అది చూపించవచ్చు. పాత లోన్‌తో పాటు కట్టిన బీమా ఉంటే దాన్ని రద్దు చేస్తే ఎంత వెనక్కి వస్తుందో కూడా అడగాలి.

ఇవన్నీ కలిపి ఒక్క అంకెలో చూడటానికి ఇప్పుడు మంచి సాధనం ఉంది. 2024 అక్టోబర్ నుంచి ప్రతి కొత్త రిటైల్ లోన్‌కి కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం సంతకాలకి ముందే ఇవ్వాలి. వడ్డీ, ఫీజులు, బయటివాళ్ళకి పోయే ఖర్చులు అన్నీ కలిపిన వార్షిక రేటు, ఏపీఆర్, అందులో ఉంటుంది. అందులో లేని ఛార్జీ మీ ఒప్పుకోలు లేకుండా తర్వాత వెయ్యకూడదు. ఇది అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలని నియమంలోనే ఉంది కాబట్టి తెలుగులో కావాలని అడిగే హక్కు మీకుంది. ఇద్దరు ముగ్గురి దగ్గర ఈ కాగితం తీసుకుని ఏపీఆర్‌లు పక్కపక్కన పెట్టుకుంటే ఎవరి తీపి మాటల విలువ ఎంతో తెలిసిపోతుంది.

రేటు, ఖర్చు కుదిరాక విశాఖలో ఇంకో పెద్ద ప్రశ్న మిగులుతుంది. మీ కాగితాలని ఆ బ్యాంకు ఒప్పుకుంటుందా? పాత బ్యాంకు ఒప్పుకుంది కదా అంటే చాలదు, కొత్త బ్యాంకు లాయరు మొదటి నుంచి మళ్ళీ చూస్తాడు. లింకు దస్తావేజులు (పాత యజమానుల నుంచి వచ్చినవి), ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్), ప్లాన్ అప్రూవల్, నగరపాలక సంస్థ జీవీఎంసీ పన్ను రసీదు అన్నీ. పట్టణాభివృద్ధి సంస్థ వుడా లేఅవుట్ అయినా, 2018లో వుడా వీఎంఆర్‌డీఏ అయ్యాక వచ్చిన లేఅవుట్ అయినా సమస్య లేదు. ఆనందపురం, సబ్బవరం, పెందుర్తి వైపు పంచాయతీ లేఅవుట్లలో కట్టుకున్న ఇళ్ళ దగ్గరే తకరారు. సింహాచలం పంచగ్రామాల భూముల మాట చెప్పనే అక్కర్లేదు. అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం, ఈ ఐదు ఊళ్ళలో దేవస్థానంతో ఉన్న వివాదం వల్ల రిజిస్ట్రేషన్ల దగ్గరే చిక్కుంది, ఇక లోన్ సంగతి సరే సరి. అపార్ట్‌మెంట్ పైన అప్రూవ్డ్ ప్లాన్‌లో లేని అంతస్తులో ఫ్లాట్ కొన్నవాళ్ళకి కూడా చాలా బ్యాంకులు నో అంటాయి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితాలో, ఉందేమో ఫీజులు కట్టకముందే చూసుకోవాలి.

అందుకని ఇలాంటి ఆస్తి ఉన్నవాళ్ళు మొదట ఫీజు కట్టి తర్వాత ఆశపడకుండా, కాగితాల జిరాక్సులు పట్టుకుని బ్యాంకు ప్యానెల్ లాయరుని కలిసి మాట్లాడటం మేలు. అదే అపార్ట్‌మెంట్‌లో ఇంకో ఫ్లాట్‌కి ఇప్పటికే లోన్ ఇచ్చిన బ్యాంకు ఏదో అసోసియేషన్ వాళ్ళని అడిగితే చెబుతారు. టైటిల్ ఒకసారి చూసిన బ్యాంకు కాబట్టి పని సులువవుతుంది. శాంక్షన్ నిర్ణయం విశాఖలోనే జరుగుతుందా, ఫైలు హైదరాబాద్ వెళ్ళాలా అన్నదీ అడగండి. స్థానిక భూముల సంగతి తెలిసిన మనిషి ఫైలు చూడటానికీ, తెలియని మనిషి చూడటానికీ చాలా తేడా ఉంటుంది.

ఆదాయం పక్కాగా చూపించలేని వాళ్ళ పరిస్థితి వేరు. పూర్ణా మార్కెట్‌లో దుకాణం, ఫిషింగ్ హార్బర్‌లో చేపల వ్యాపారం, చేతికొచ్చేది బాగానే ఉన్నా ఐటీ రిటర్న్‌లో తక్కువ కనిపిస్తుంది. వీళ్ళని బ్యాంకు పక్కన పెడితే హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీయే ఆదుకుంటుంది, ఎక్కువ వడ్డీకైనా సరే. అందులో తప్పేమీ లేదు. అలా మొదలుపెట్టి, రెండు మూడేళ్ళు రిటర్న్‌లు సరిగా వేసుకుని, ఒక్క ఈఎంఐ కూడా తప్పకుండా కట్టి, అప్పుడు రెపో లోన్‌కి మారితే టేకోవర్ వల్ల నిజంగా బాగుపడేది వీళ్ళే. ఓడల మీద పనిచేసేవాళ్ళు, ఆరు నెలలకోసారి పెద్ద మొత్తం చేతికొచ్చేవాళ్ళు ఈ నగరంలో చాలామంది ఉన్నారు. వాళ్ళు ఓవర్‌డ్రాఫ్ట్ రకం హోమ్ లోన్ ఇచ్చే బ్యాంకుని చూసుకోవాలి. మిగులు డబ్బు ఆ ఖాతాలో వేస్తే అన్నాళ్ళు ఆ మేరకి వడ్డీ పడదు, కావాలంటే మళ్ళీ తీసుకోవచ్చు. రేటు మామూలు లోన్ కన్నా కొంచెం ఎక్కువైనా వీళ్ళకి గిట్టుబాటే.

ఏజెంట్ల చేతికి కాగితాలు ఇచ్చేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఒకేసారి నాలుగైదు బ్యాంకుల్లో అప్లికేషన్ పెట్టొద్దని. ప్రతి బ్యాంకూ సిబిల్ (క్రెడిట్ రిపోర్ట్) తీస్తుంది, వరస ఎంక్వయిరీలు కనబడితే స్కోరు కొంత తగ్గుతుంది, స్కోరు తగ్గితే స్ప్రెడ్ పెరగొచ్చు. క్రెడిట్ రిపోర్ట్ ప్రతి సంస్థ నుంచీ ఏడాదికోసారి ఉచితంగా తీసుకోవచ్చు, మీరు సొంతంగా చూసుకుంటే స్కోరు తగ్గదు. ఎప్పుడో తీరిపోయిన క్రెడిట్ కార్డు బాకీ ఇంకా చూపిస్తుంటే సరిచేయించుకున్నాకే అప్లికేషన్ పెట్టండి.

మారే రోజుల్లో జాగ్రత్తగా ఉండాల్సింది చెక్కు తేదీ, దస్తావేజులు. కొత్త బ్యాంకు పాత బ్యాంకు పేర చెక్కు రాసి, దాన్ని వారం తర్వాత అందజేస్తే ఆ వారం రెండు చోట్లా వడ్డీ పడినట్టు లెక్క. చెక్కు రాసిన తేదీ నుంచి కాకుండా డబ్బు నిజంగా అందిన రోజు నుంచే వడ్డీ వెయ్యాలని 2024 ఏప్రిల్‌లో ఆర్‌బీఐ స్పష్టంగా చెప్పింది, మొదటి స్టేట్‌మెంట్‌లో ఆ తేదీ సరిచూసుకోండి. లోన్ మూసెయ్యడానికి ఎంత కట్టాలో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటర్‌తో పాటు తమ దగ్గరున్న పత్రాల జాబితా కూడా పాత బ్యాంకు నుంచి ముందే తీసుకోవాలి. ఆంధ్రా బ్యాంకులో లోన్ తీసుకున్నవాళ్ళు ఊళ్ళో ఎంతోమంది, అది 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇలా విలీనమైన బ్యాంకుల్లో పాత ఫైలు ఇప్పుడు ఏ ఆఫీసులో ఉందో ముందే కనుక్కుంటే తర్వాత టెన్షన్ ఉండదు. లోన్ పూర్తిగా తీరాక 30 రోజుల్లోపు అసలు దస్తావేజులు ఇవ్వాలి, తమ వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు కట్టాలన్న నియమం 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. టేకోవర్‌లో ఆ పత్రాలు నేరుగా కొత్త బ్యాంకుకే వెళ్తాయి కాబట్టి, జాబితాలో ఉన్నవన్నీ చేరాయని కొత్త బ్యాంకు దగ్గర రసీదు రాయించుకోవాలి.

పాత తాకట్టు రిజిస్టర్ అయి ఉంటే దాన్ని రద్దు చేయించే పని కూడా మర్చిపోకూడదు. పాత బ్యాంకు అధికారి మధురవాడకో గాజువాకకో, మీ ఇల్లు ఏ సబ్ రిజిస్ట్రార్ పరిధిలో ఉంటే అక్కడికి వచ్చి సంతకం పెట్టాలి. లోన్ తీరిన కొత్తలో అయితే ఫోన్ చేస్తే వస్తారు, ఏళ్ళు గడిచాక ఆ ఫైలు తెలిసిన మనిషే అక్కడ ఉండకపోవచ్చు. మారిన నెల రోజులకి తాజా ఈసీ తీసి చూడండి. అందులో పాత తాకట్టు రద్దయినట్టు, కొత్తది ఎక్కినట్టు రెండు ఎంట్రీలూ కనిపించాలి. పాత ఖాతా నుంచి ఈఎంఐ ఆటో డెబిట్ ఆగిందో లేదో కూడా అదే రోజు చూసుకోవచ్చు.